ఇల్లు మారుటయు, ఫోనులోని సహాయకుడును

ఇల్లు మారుట సులభమని చెప్పువారు ఎన్నడును ఇల్లు మారనివారై యుందురు. పెట్టెలు కట్టుట, బండి కెక్కించుట, దింపుట యనునవి అందు కంటికి కనబడు పనులు. కనబడని పని యొకటి కలదు. అది మాటలను కూర్చుట. పాత యింటి యజమానికి ఒక మాట, క్రొత్త యింటి యజమానురాలికి ఒక మాట, బండివానికి, హమాలీలకు, గ్యాసు ఏజెన్సీకి, పాలు పోయువానికి, పిల్లల బడికి, ఇంట నున్న పెద్దలకు ఒక్కొక్క మాట చెప్పవలయును. ఈ మాటలన్నియు వేర్వేరు నోళ్లనుండి బయలుదేరి ఒక్క దినమున ఒక్క గుమ్మము నొద్దకు వచ్చి చేరవలయును. వీనిలో ఒక్కటి తప్పినను సామాను వీథిలో నుండును, మనుష్యులు మెట్లమీద కూర్చుందురు.

ఈ కూర్పునకు సాయపడు సహాయకుడొకడు ఇప్పుడు చేతిలోని ఫోనునందే దొరకుచున్నాడు. తెలుగున అడిగిన తెలుగున బదులు చెప్పును, పట్టికలు వ్రాయును, వేళకు జ్ఞాపకము చేయును, ఒక భాషలోని వర్తమానమును వేరొక భాషలోనికి మార్చును. దీనినే కృత్రిమ మేధ యనుచున్నారు. 2025వ సంవత్సరము మే నెలలో మేము పంజాగుట్ట నుండి ఎర్రగడ్డకు ఇల్లు మారినప్పుడు దీనిచేత చాల పని చేయించితిమి. అది దేనికి పనికివచ్చినది, దేనికి రాలేదు, ఎందుచేత రాలేదు అను సంగతులను పాఠముగా వ్రాయుచున్నాము. మన పాఠశాల పై తరగతుల బాలబాలికలు తమ యిండ్లలో తల్లిదండ్రుల ఫోనులకు తామే గుమాస్తాలై యున్నారు గనుక ఈ పాఠము ముందుగా వారికి. తల్లిదండ్రులు ప్రక్కన కూర్చుండి చదివిన మరియు మంచిది.

సహాయకుడు అను శబ్దము మహద్వాచకము. అయినను ఇది మనుష్యుడు కాదు గనుక ఇకమీదట ‘అది’ యనియే వ్రాసెదము. ఈ నియమము వ్యాకరణము కొఱకు మాత్రమే కాదని ముందు ముందు తెలియగలదు.

ఇట్టి యంత్రముల చరిత్రము మన మనుకొనునంత క్రొత్తది కాదు. 1966లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన జోసెఫ్ వైజెన్‌బామ్ అను పండితుడు ‘ఎలైజా’ యను కార్యక్రమమును లోకమునకు తెలియజేసెను. మనుష్యుడు టైపు చేసిన వాక్యములోని పదములనే త్రిప్పి ప్రశ్నగా అడుగుట తప్ప దానికి వేరొక విద్య లేదు. అయినను జనులు దానితో తమ మనోవ్యథలను చెప్పుకొనసాగిరి. దానిని చేసినవాడే ఇందుకు కలతపడి, యంత్రములకు అప్పగింపరాని పనులు కలవని వాదించుచు 1976లో ఒక గ్రంథము వ్రాసెను. తరువాత 2011లో ఆపిల్ కంపెనీ ఫోనులో ‘సిరి’ మాటలాడ మొదలుపెట్టెను. 2017లో గూగుల్ పరిశోధకులు కొందరు భాషను లెక్కించు ఒక క్రొత్త పద్ధతిని ప్రకటించిరి. ఆ పద్ధతిమీద కట్టబడిన ‘చాట్ జీపీటీ’ 2022 నవంబరు 30వ తేదీన ప్రజలకు అందుబాటులోనికి వచ్చెను. 2024 జూను నెలలో గూగుల్ వారి ‘జెమిని’ భారతదేశమున తొమ్మిది భారతీయ భాషలలో వెలువడినప్పుడు తెలుగు అందొకటి.

దీని లోపలి పనిని చిన్నవారికి ఇట్లు చెప్పవచ్చును. మనము పలికిన ధ్వనిని అది ముందు అక్షరములుగా మార్చుకొనును. ఆ అక్షరములను చిన్న చిన్న తునకలుగా విడదీయును. పూర్వము తాను చదివిన లెక్కకు మించిన వాక్యములనుబట్టి, ఈ తునకల తరువాత ఏ తునక రాదగునో లెక్కవేసి, ఒకదాని వెంట నొకటి పేర్చుకొనుచు పోవును. ఇదియే దాని బదులు. కనుక అది చెప్పు మాట సాధారణముగా అతుకునట్లే యుండును. అతుకుట వేరు, నిజమగుట వేరు. తరగతిలో పాఠము చదువకయే తోటివారి జవాబుల ధోరణిని పట్టుకొని చక్కగా వాక్యము నల్లు విద్యార్థిని చూడని ఉపాధ్యాయుడు లేడు. అట్టి వాని జవాబు పదింట ఎనిమిదిసార్లు సరిగానే యుండును. మిగిలిన రెండుసార్లును అంతే ధైర్యముగా చెప్పుటయే చిక్కు.

ఇక మా సంగతి. మా తల్లిగారికి ఉబ్బసము. పంజాగుట్టలో మేముండిన భాగము మూడవ అంతస్తు, లిఫ్టు లేదు. నెలకొకసారి ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఛాతీ వైద్యశాలకు ఆమెను దింపి తీసికొనిపోయి మరల ఎక్కించుట ఆమెకును మాకును కష్టమై, ఆ వైద్యశాలకు దగ్గరగా క్రింది అంతస్తులో ఒక భాగమును చూచితిమి. పంజాగుట్ట నుండి ఎర్రగడ్డ మెట్రోబండిలో నాలుగవ స్టేషను, అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి దాటిన వెంటనే వచ్చును. ఎర్రగడ్డకు పోవుచున్నామని చెప్పగా ముసిముసిగా నవ్వినవారు కొందరు. అచ్చట మానసిక వైద్యశాల యుండుటచే ఆ పేరును పరిహాసమునకు వాడుట మన నగరమున ఒక దురభ్యాసము. జబ్బును కుదుర్చు చోటును చూచి నవ్వువారు తమ పిల్లలకేమి నేర్పుచున్నారో యోచింపవలయును. మాకు మాత్రము అది రైతుబజారులో తాజా కూరగాయలు దొరకు ఊరు, మా తల్లిగారు మెట్లు లేకుండ వీథిలోనికి రాగల ఊరు.

మొదటి పరీక్షగా మేము “ఇల్లు మారుటకు ఏమేమి చేయవలెనో చెప్పుము” అని మాత్రమే అడిగి చూచితిమి. అది ముప్పది అంశముల పట్టిక నిచ్చెను. అందు సగము ఏ దేశమువారికో తగినవి. తోటపనిముట్లను శుభ్రపరచుడనియు, పెంపుడు కుక్కకు టీకాచీటి సిద్ధము చేయుడనియు ఉండెను. మాకు తోటయు లేదు, కుక్కయు లేదు. యంత్రమును తప్పుపట్టుట కిది కారణము కాదు. వ్యాసరచనలో “ఒక ఉత్సవమునుగూర్చి వ్రాయుము” అన్నచో ఏ యుత్సవమైనను వ్రాయుదురు గదా!

రెండవమారు లేఖారచనలో మన తరగతులందు నేర్పు క్రమముననే చెప్పితిమి. ఎవరు, ఎచ్చటినుండి ఎచ్చటికి, ఎప్పుడు, ఎన్ని, ఏది చెడరాదు అను ప్రశ్నలకు జవాబులు వచ్చునట్లు ఈ విధముగ పలికితిమి: “మేము నలుగురము. అందొకరు డెబ్బది యేండ్లు దాటిన ఆయాసరోగి. హైదరాబాదు పంజాగుట్టలో లిఫ్టు లేని మూడవ అంతస్తునుండి ఎర్రగడ్డలో క్రింది అంతస్తునకు మారవలయును. ఇనుప బీరువా ఒకటి, ఫ్రిజ్జు ఒకటి, మంచములు రెండు, పుస్తకముల పెట్టెలు పండ్రెండు, వంటసామాను కలవు. మే 24వ తేదీ లోపల, లేక దానికి దగ్గరగా జరుగవలెను. తల్లిగారి మందులును, ఆవిరిమందు యంత్రమును ఒక గంటయైనను కనబడకుండ పోరాదు. ముందేమి, వెనుక నేమి చేయవలెనో తేదీలవారీగా చెప్పుము. తెలియనిదాని నూహింపక మమ్మడుగుము.” ఈ కడపటి వాక్యము మిక్కిలి విలువైనది. వెంటనే అది మమ్ము ఆరు ప్రశ్నలడిగెను: సందు వెడల్పెంత, బీరువా తలుపులు విడదీయ వచ్చునా, మందులు వెంట నుండునా బండిలో నుండునా, ఇత్యాదులు. అవి మంచి ప్రశ్నలు.

వానికి జవాబు చెప్పుటకు మాత్రము నడచి పోవలసి వచ్చెను. ఫోనులోని పటమునందు సందు ఒక తెల్లని గీత. గీతమీద నిలిపియున్న ఆటోలు కనబడవు. తలకు తగులునట్లు వ్రేలాడు తీగలు కనబడవు. తొమ్మిదవ తరగతి చదువుచున్న మా కుమారుడు టేపు తీసికొని సందును మూడుచోట్ల కొలిచెను. బీరువా నిలుచు గది గుమ్మమును కొలిచెను. బీరువా లోతు గుమ్మము వెడల్పుకంటె రెండంగుళములు తక్కువ. ఆ రెండంగుళములు ఏ యంత్రమునకును తెలియవు. కొలత చెప్పిన తరువాత, బీరువాను ఏ ప్రక్కకు త్రిప్పి లోనికి తీసికొనిపోవలెనో అది బాగుగనే చెప్పెను.

బండి విషయమున ఒక చిన్న వినోదము జరిగినది. మన నగరమున ఇంటిసామానుకు చిన్నదైన టాటా ఏస్ బండిగాని, దానికంటె పెద్దదైన డీసీఎంగాని పెట్టుదురు. టాటా ఏస్ 2005లో పుట్టినది. దానిని ‘ఛోటా హాథీ’ యని ముద్దుగా పిలుతురు. డీసీఎం అను పేరు ఢిల్లీ క్లాత్ మిల్స్ అను పాత కంపెనీది. ఆ కంపెనీ జపాను టొయోటాతో కూడి వాహనములు చేయించిన కాలమునుండి, బండి యెవరిదైనను ఆ తరహా బండికి మనవారు డీసీఎం అనియే పేరుంచిరి. “డీసీఎంను పిలువవలయునా?” అని మేమడుగగా ఆ సహాయకయంత్రము, ఉపముఖ్యమంత్రి వర్యులను గృహప్రవేశమునకు ఆహ్వానించు పద్ధతిని మర్యాదగా వివరించెను. ఇంటిల్లిపాదియు నవ్వితిమి. ఊరి వాడుకమాట దాని చదువులో తక్కువగా నుండును. అట్టి చోట “సామాను మోయు మధ్యరకపు లారీ” యని విడమరచి చెప్పిన దానికి తెలియును.

దినమును నిర్ణయించుటలో అది ఆదివారమును సూచించెను. అందరికిని సెలవు గనుక ఆదివారము అనుకూలమని దాని వాదము. ఆరాధన సంగతి యటుంచినను, ఆదివారమున ఎర్రగడ్డలో పాతసామానుల సంత కూడును. ఆనాడు ఆ ప్రాంతమున మనుష్యుడు నడచుటయే కష్టము, బండి మాట చెప్పనేల? ఈ సంగతి మాకు చెప్పినది క్రొత్త యింటి యజమానురాలగు ముదుసలి. “ఇత్వార్ కో మత్ ఆనా బేటా” యని ఆమె ఒక్కమాటలో తేల్చెను. శనివారము ప్రాతఃకాలము నిశ్చయించితిమి. నగర ట్రాఫిక్ పోలీసులు భారవాహనములను కొన్ని వేళల కొన్ని మార్గములందు ఆపుదురు గనుక ఉదయము ఏడు గంటలకు ముందే బండి కదలునట్లు ఏర్పాటు చేసికొంటిమి.

ఇచ్చట భాషలనుగూర్చి కొంత విరివిగా వ్రాయవలసి యున్నది. మా పాత యింటి యజమాని తెలుగువాడు. క్రొత్త యజమానురాలిది ఉర్దూ. బండివాడును హమాలీలును ఉత్తరదేశమునుండి వచ్చిన హిందీవారు. యంత్రము మా తెలుగు వర్తమానములను హిందీలోనికి మార్చి యిచ్చెను. ఈ సాయము చిన్నది కాదు. మేము హిందీ మాటలాడగలము గాని తప్పులేకుండ వ్రాయలేము. అయినను ప్రతి వర్తమానమును పంపుటకు ముందు బిగ్గరగా చదివించుకొని వింటిమి. వినినప్పుడు రెండు విషయములు పట్టుబడినవి.

మొదటిది కాలము. తెలుగున రేపు వేరు, నిన్న వేరు. హిందీలో రెంటికిని ‘కల్’ అనియే యందురు. ఎల్లుండికిని మొన్నకును ‘పర్సోం’ ఒక్కటియే. మాటలాడునప్పుడు క్రియాపదమునుబట్టి భేదము తెలియును. తెగిన చిన్న వర్తమానములలో క్రియ లేకపోవచ్చును. “కల్ అడ్వాన్స్” అన్నచో నిన్న ముట్టినదా, రేపు ముట్టునా? కనుక ప్రతి వర్తమానమునను రేపు ఎల్లుండి అను మాటలను విడిచి, తేదీని అంకెలలోను, వారమును అక్షరములలోను వ్రాయించితిమి.

రెండవది మరింత సూక్ష్మము. తెలుగున ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. మేము అన్నచో వినువాడు చేరడు. మనము అన్నచో చేరును. ఇంత సొగసైన భేదము హిందీ ‘హమ్’లో లేదు, ఆంగ్లములోను లేదు. మేము బండివానికి “పుస్తకములు, బట్టలు మేము సర్దెదము, గాజుసామాను, వంటపాత్రలు మీరు సర్దుడు, బీరువాను మనము కలసి దింపుదము” అని చెప్పదలచితిమి. యంత్రము దానిని సంగ్రహించి “సామాను హమ్ బాంధేంగే” యని ఒక్క వాక్యముగా చేసెను. ఈ వాక్యము పోయిన యెడల వాడు సర్దుటకు మనుష్యులను తేకుండ వచ్చును. సర్దుటకు ఇచ్చిన కూలిని గూర్చి మెట్లమీద తగవు పుట్టును. ఇళ్లు మారునప్పటి తగవులలో చాలభాగము ‘ఎవరు చేయవలెను’ అను ప్రశ్నవలననే పుట్టుచున్నవి. ఆ వాక్యమును మూడుగా విడదీసి, ప్రతిదానిలోను పనివాని పేరో, మా పేరో చేర్చి పంపించితిమి. వ్యాకరణపాఠము బ్రదుకున దేనికి పనికివచ్చునని అడుగు బాలురకు ఇది జవాబుగా నుండవచ్చును.

మర్యాదను గూర్చియు ఒక మాట. మా పాత యింటి యజమానికి ఇల్లు ఖాళీ చేయుచున్నామని తెలుపు లేఖను అది వ్రాసి యిచ్చినప్పుడు “నీ అడ్వాన్స్ నిబంధన ప్రకారం తిరిగి ఇవ్వు” అను వాక్యముండెను. ఆంగ్లమున పెద్దకును చిన్నకును ఒకటే సర్వనామము. ఆ రీతినే ఇచ్చటను దింపినది కాబోలు. ఆయన మాకంటె ఇరువదియేండ్లు పెద్దవాడు; ఎనిమిదేండ్లు ఆయన నీడను ఉంటిమి. “అయ్యా, తమ యింట ఇన్నేండ్లు సుఖముగా నుంటిమి. మా తల్లిగారి ఆరోగ్యమునుబట్టి మారవలసి వచ్చినది. తమ సౌకర్యమునుబట్టి అడ్వాన్స్ సొమ్ము ఎన్నడు తీసికొనవచ్చునో తెలుపగోరెదము” అని మేమే వ్రాసి, చేతితోనే ఇచ్చితిమి. కొన్ని మాటలు ఫోనులో పోవుటకంటె మనిషి వెంట పోవుట మేలు.

అద్దె ఒప్పందమును చదివించుటలో ఈ సహాయకయంత్రము చేసిన మేలు గొప్పది. ఆంగ్లమున నాలుగు పుటల వ్రాత, న్యాయశాస్త్రపు పలుకుబడి. దానిని నిబంధన నిబంధనగా తెలుగున చెప్పుమనగా చెప్పెను. ఒప్పందములు పదునొకండు నెలలకే యేల వ్రాయుదురని మా కుమారు డడిగెను. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము 17వ సెక్షను ప్రకారము ఒక సంవత్సరమునకు మించిన కౌలును రిజిస్టరు చేయింపవలెను. ఆ వ్యయమును తప్పించుకొనుటకు పదునొకండు నెలల వాడుక వచ్చినది. ఇది అది సరిగానే చెప్పెను. కాని ఖాళీ చేయుటకు ఎన్ని దినములు ముందుగా తెలుపవలెనని యడుగగా, “సాధారణముగా ఒక నెల” యని బదులు చెప్పెను. సాధారణము మాకేల? “ఈ వ్రాతలో ఎన్నవ నిబంధనలో నున్నదో చూపుము” అని యడుగగా, తొమ్మిదవ నిబంధనను చూపెను. అందు రెండు నెలలని యుండెను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 106వ సెక్షనులో నెలవారీ అద్దెకు పదునైదు దినముల నోటీసు చెప్పబడినది. అది వేరొక ఒప్పందము లేనప్పుడు వర్తించునది. మా వ్రాతలో రెండు నెలలుండుటచే మార్చిలోనే లేఖ నిచ్చితిమి. అడ్వాన్స్ సొమ్ము తగ్గింపు లేకుండ చేతికి వచ్చినది. విద్యార్థులారా, ‘సాధారణముగా’ అను మాట దాని నోట వినబడినప్పుడెల్ల “ఎచ్చట నున్నది?” అని యడుగుడు.

మే 22వ తేదీ సాయంకాలము మా పట్టికలో “బండి: ఖాయమైనది” అని యుండెను. వాక్యము స్పష్టము, ప్రక్కన పచ్చని గుర్తు. అయినను ఇంట రోగి యున్నప్పుడు గుర్తును నమ్మి నిద్రపోరాదని ముందే యనుకొని యుండుటచే, బండివానితో నోటిమాటగా మాటలాడితిమి. వాడు శనివారమున ఒక పెండ్లివారి సామానుకు ఒప్పుకొని యుండెను. మరి ఖాయమని యెట్లు వచ్చినది? వాని బదులు వర్తమానమును తీసి చూచితిమి. “ఠీక్ హై, దేఖ్‌తా హూఁ” అని యున్నది. ‘సరే, చూచెదను’ అని దాని యర్థము. యంత్రము ‘సరే’ను పట్టుకొన్నది. మన దేశమున పుట్టి పెరిగినవారికి ‘చూద్దాం లెండి’ అనగా ఏమియో తెలియును. కాదని మొగముమీద చెప్పలేని మర్యాద యది. పెండ్లి కాకపోయిన సంబంధములు, పుట్టకపోయిన ఉద్యోగములు ఎన్నియో ‘చూద్దాం’ క్రింద నిద్రించుచున్నవి. ఆ రాత్రియే ఎస్.ఆర్. నగర్ బండ్ల అడ్డాకు నడచి వెళ్లి, మనిషిని చూచి, కొంత సొమ్ము చేతబెట్టి, వేరొక బండిని నిలుపుకొంటిమి. ఆనాడు ఫోను చేయకపోయిన యెడల శనివారమున మా తల్లిగారు తాళము వేసిన క్రొత్త యింటిముందు ఎండలో కూర్చుండవలసినది. మే నెల ఎండ ఎట్టిదో హైదరాబాదువారికి చెప్పనక్కరలేదు.

యంత్రము మన తరఫున మాటలాడుటను గూర్చి లోకమునకు మొదట కలిగిన సందేహమును ఇచ్చట తలంచుకొనవలెను. 2018 మే నెలలో గూగుల్ వారు ‘డూప్లెక్స్’ అను దానిని ప్రదర్శించిరి. అది ఒక క్షౌరశాలకు ఫోను చేసి, మనుష్యునివలెనే తడబడుచు, ఊ కొట్టుచు, వేళను నిర్ణయించుకొనెను. వినినవారు ఆశ్చర్యపడిరి, అంతకంటె ఎక్కువగా, అవతలి మనిషికి తాను యంత్రముతో మాటలాడుచున్నానని తెలియకుండుట న్యాయమా యని విమర్శించిరి. తరువాత అది తన సంగతి ముందుగా చెప్పుకొనునట్లు చేయుదుమని ఆ కంపెనీవారు తెలిపిరి. ఈ విమర్శ మాకు సమ్మతము. మా హిందీ వర్తమానముల క్రింద “ఇది ఫోను యంత్రముచే అనువదింపబడినది; మాటకు మేమే బాధ్యులము; సందేహమున్న ఫోను చేయుడు” అని చేర్చితిమి. హమాలీల పెద్ద ఒకడు దీనినే చదివి, రెండవ అంతస్తా మూడవ అంతస్తా యని ఫోను చేసి యడిగెను. అంతస్తుకు కూలి మారును గదా.

ఇక దేనిని దానికి చెప్పరాదు? ఆధార్ అంకెలు, బ్యాంకు వివరములు, ఫోనుకు వచ్చు ఓటీపీ, ఇల్లు ఏ వేళల ఖాళీగా నుండునను సంగతి, వీనిలో ఏదియు బండి కుదుర్చుటకు అక్కరలేదు. ఒప్పందమును చదివించునప్పుడు కూడ పేర్లును అంకెలును కాగితపు ముక్కతో కప్పి ఫోటో తీసితిమి. గుర్తింపు పత్రము తప్పక ఇయ్యవలసిన చోట, కడపటి నాలుగంకెలు మాత్రమే కనబడు మరుగుపరచిన ఆధార్ ప్రతిని వాడవచ్చును. 2023లో మన పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును చేసినది. అయినను చట్టము పోయిన సమాచారమును వెనుకకు లాగి తేలేదు.

సామాను మార్పిడి పేరిట జరుగు మోసములు రెండు విధములుగా వినబడుచున్నవి. ఒకటి, బండి ఎక్కించిన పిమ్మట మొదట చెప్పినదానికి రెండింతలు అడిగి, ఇయ్యకున్న దింపమని భయపెట్టుట. దీనికి మందు, వస్తువుల పట్టికను, మొత్తమును, మెట్లకూలితో సహా ముందే వ్రాయించుకొని, సగముకంటె తక్కువ సొమ్ము మాత్రమే ముందిచ్చుట. రెండవది, “బుకింగు కొఱకు అయిదు రూపాయలు పంపుడు” అని ఒక లంకెను పంపి ఖాతాను ఊడ్చుట, లేక “మీ సొమ్ము తిరిగి వచ్చుటకు ఈ గడిని స్కాను చేయుడు” అనుట. యూపీఐలో సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను కొట్టనక్కరలేదు. పిన్ను కొట్టినచో మన సొమ్మే పోవును. ఈ ఒక్క సంగతిని ప్రతి బాలుడును తన అమ్మమ్మకు చెప్పవలయును. మోసము జరిగిన వెంటనే 1930 అను అంకెకు ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలది సొమ్ము ఖాతాలు దాటి పోవుచుండును.

మారిన దినమున యంత్రమునకు పెద్దగా పని లేదు. మందుల సంచి మా తల్లిగారి ఒడిలోనే యుండెను. ఆమె బండికంటె ముందు, మా సతీమణితో ఆటోలో వెళ్లి, యజమానురాలి వసారాలో చాయ త్రాగుచుండెను. ఫ్రిజ్జును నిలువుగా తేవలెననియు, దింపిన తరువాత కొన్ని గంటలు ఆగి విద్యుత్తు కలుపవలెననియు యంత్రము జ్ఞాపకము చేసెను. పడుకోబెట్టి తెచ్చిన యెడల లోపలి నూనె చల్లదనపు గొట్టములలోనికి దిగును. ఇది సరియైన సలహా. హమాలీలకును ఈ సంగతి తెలియును, వారిది చేతిలోని చదువు.

పాత యింట కరెంటు మీటరు అంకెను యజమాని ఎదుట ఫోటో తీసి ఆయనకును పంపితిమి. క్రొత్త యింటను అట్లే చేసితిమి. తరువాతి పనులను తేదీలవారీగా అది గుర్తుచేయుచు వచ్చినది: గ్యాసు కనెక్షనును క్రొత్త ప్రాంతపు పంపిణీదారునికి మార్చుకొనుట, ఆధార్‌లో చిరునామా, ఓటర్ల జాబితాలో చిరునామా మార్పునకు 8వ ఫారము. ఓటు సంగతిని మన జనులు తరచు మరచుచున్నారు. ఎన్నికల దినమున పాత పేటకు పరుగెత్తుటకంటె ముందుగా ఒక ఫారము నింపుట సులభము. ఇవన్నియు ముగిసిన తరువాత, మేము చెప్పిన సంభాషణల నన్నిటిని ఫోనునుండి తీసివేసితిమి.

అభ్యాసము. పై తరగతులవారు ఈ క్రింది పనిని సెలవులలో చేసి, పాఠశాల తెరచిన మొదటి వారమున నోటుపుస్తకములో చూపవలయును. మీ యింటి పెద్ద బీరువాను, అది దాటవలసిన గుమ్మములను టేపుతో కొలిచి వ్రాయుడు. మీ సందులోనికి డీసీఎం రాగలదా లేదా, రాకున్న ఎచ్చట నిలుచునో పటము గీయుడు. “మేము పెట్టెలు దింపెదము”, “మనము పెట్టెలు దింపుదము” అను వాక్యములను ఫోను యంత్రముచేత హిందీలోనికి మార్పించి, ఆ హిందీని మరల తెలుగులోనికి మార్పించి, వచ్చిన మార్పును వ్రాయుడు. మీ ఇంటివారు గడచిన వారమున ‘చూద్దాం’ అన్న సందర్భములను మూడింటిని తెలిసికొని, ప్రతిదాని యెదుట అవునో కాదో అడిగి వ్రాయుడు. దీనికి ఫోనును వాడరాదు.